గూగుల్ మ్యాప్స్‌లో షాపు పిన్ను సరిచేయడం: చాలాకాలం వాడాక నా మాట

గూగుల్ మ్యాప్స్‌లో తప్పు చోట పడిన షాపు పిన్నును (షాపు ఎక్కడుందో చూపే గుర్తును) సరిచేసే సదుపాయం బాగానే పనిచేస్తుంది. అయితే పిన్ను ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టాలి. చాలామంది అక్కడే పొరబడతారు.

మన దగ్గర పిన్ను తప్పడానికి ముఖ్య కారణం ఇంటి నంబర్లు. హైదరాబాద్‌లో 1-2-34/5 తరహా నంబరులో ముందు వార్డు, తర్వాత బ్లాకు, ఆ తర్వాత ఇల్లు. స్థలం ముక్కలైన కొద్దీ స్లాష్‌లు పెరుగుతాయి, పక్కపక్క ఇళ్లకే వరస ఉండదు. అడ్రసు మాత్రమే ఇచ్చి నమోదు చేస్తే పిన్ను కాలనీ నడిమధ్యనో, పిన్‌కోడ్ ప్రాంతంలో ఎక్కడో పడుతుంది. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి కాబట్టి అడ్రసులో పాత జిల్లా పేరు ఉందేమో కూడా చూడండి. పిన్ను జరిపినంత మాత్రాన అడ్రసు మారదు, రెండూ విడివిడిగా దిద్దాలి.

ఫోన్‌లో షాపు పేజీ తెరిచి 'సజెస్ట్ యాన్ ఎడిట్', అందులో పేరు, వివరాలు మార్చే ఎంపిక నొక్కి, లొకేషన్ దగ్గర మ్యాప్‌ను జరపాలి. శాటిలైట్ చూపులో బాగా దగ్గరికి తెచ్చుకోండి. బోర్డు, పక్క షాపు బోర్డు రెండూ కనిపించే ఫొటో ఒకటి జత చేయండి. మొదట పిన్ను ఒక్కటే పంపండి. పేరు, వేళలు, ఫోన్ నంబరు అన్నీ కలిపి పంపితే ఏది ఆగిందో తెలుసుకోవడం కష్టం. కొత్త ఖాతా నుంచి చాలా దూరం జరిపిన మార్పు పెండింగ్‌లో ఉండిపోవచ్చు.

ఇక అసలు విషయం. దారి చూపేటప్పుడు మ్యాప్ పిన్నుకు దగ్గరగా ఉన్న రోడ్డుకు తీసుకెళ్తుంది. భవనం కప్పు మధ్యలో పిన్ను పెడితే, వెనక సందు దగ్గరైతే అక్కడికే చేరుస్తుంది. అక్కడ గోడ తప్ప గేటు ఉండదు. ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్ల విషయంలో ఇది మరీ ఇబ్బంది. అందుకే పిన్ను భవనం హద్దు దాటకుండా, గేటు ఉన్న వైపుకు జరిపి పెట్టాలి. హైదరాబాద్ అత్తాపూర్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అనే పొడవాటి పైవంతెన పిల్లర్ నంబర్లే అడ్రసులు. అక్కడ పిన్నును పిల్లర్ మీద పెడితే బండిని పైవంతెన ఎక్కించే ప్రమాదం ఉంది. కింది రోడ్డు పక్కన, షాపు ముఖం మీదే పెట్టాలి.

యజమాని అయితే బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో యజమాని తానే నడుపుకునే షాపు పేజీ) నుంచే దిద్దుకోవడం మేలు. షాపు వేరే చోటికి మారితే కొత్త పేజీ తెరవకండి, పాత ప్రొఫైల్‌లోనే అడ్రసు మార్చండి. లేకపోతే రివ్యూలు పాత పేజీలో ఉండిపోతాయి, ఒకే షాపుకు రెండు పిన్నులు తేలతాయి. అడ్రసు మార్చాక మళ్లీ వెరిఫికేషన్ అడగవచ్చు, బోర్డూ లోపలి భాగమూ కనిపించేలా వీడియో తీయడానికి సిద్ధంగా ఉండండి. ఒకే షాపుకు ఇప్పటికే రెండు పిన్నులుంటే తప్పుదాన్ని జరపకుండా డూప్లికేట్ అని తెలియజేయాలి.

గూగుల్ ఆమోదం వచ్చేదాకా ప్లస్ కోడ్ (చోటును తెలిపే చిన్న కోడ్) ఆదుకుంటుంది. మ్యాప్‌లో గేటు మీద వేలు నొక్కి పట్టుకుంటే కోడ్ వస్తుంది. దాని పరిధి సుమారు 14 మీటర్ల చదరం. ఊరి పేరుతో కలిపి వాట్సాప్‌లో పంపితే చాలు.

ఒకచోట దిద్దితే అన్నిచోట్లా మారదు. ఓలా 2024 నుంచి సొంత మ్యాప్‌లు వాడుతోంది. ఫుడ్ డెలివరీ యాప్‌లలో హోటల్ నమోదు చేసిన పిన్ను వేరే. ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మార్పు ఎవరి ఆమోదం లేకుండానే డేటాలోకి వెళ్తుంది, ప్రధాన ద్వారాన్ని విడిగా గుర్తించవచ్చు కూడా. నాకు అది బాగా నచ్చింది. అయితే గూగుల్‌లో చూసి అందులోకి ఎక్కించడం నిషిద్ధం. అక్కడికి వెళ్లి కళ్లతో చూసిన వివరం రాయడం మేలు.