మొదటి మాటను మింగే ఇంటర్‌కామ్: ఎడారి రేసుల్లో వాడిన అనుభవం

ఎడారి రేసుల్లో డ్రైవరుకు దారి చెప్పే నావిగేటర్‌గా కూర్చునే నేను కొన్నేళ్లుగా వాడుతున్న ఇంటర్‌కామ్‌లో, అంటే కారులో మేమిద్దరం హెల్మెట్లలోంచి మాట్లాడుకునే పరికరంలో, వాక్స్ అనే ఏర్పాటు ఒకటుంది. గొంతు వినిపించినప్పుడు మాత్రమే మైకును తెరిచి, మాట ఆగగానే మూసివేసే ఈ ఏర్పాటు కోసమే దాన్ని కొన్నాము. ఇప్పుడు నా కోపమంతా దాని మీదే.

మాట మొదలైందని గుర్తించిన తరువాతే వాక్స్ తెరుచుకుంటుంది కనుక మొదటి అక్షరం ఎంతో కొంత తెగుతుంది. చిన్న విమానాల్లో కూడా ఈ పద్ధతే ఉంది, కానీ అక్కడ ఇంజను మోత చాలాసేపు ఒకే స్థాయిలో ఉంటుంది. రేసు కారులో అది క్షణక్షణానికీ మారుతుంది. పైగా దుమ్ము చేరకుండా హెల్మెట్‌లోకి వడగట్టిన గాలిని పంపే బ్లోయర్ హోరు మైకు పక్కనే ఉంటుంది. ఎంత శబ్దానికి మైకు తెరుచుకోవాలో నిర్ణయించే స్క్వెల్చ్‌ను తగ్గిస్తే ఆ గాలికే మైకు తెరుచుకుంటుంది, పెంచితే పొట్టి మాటలు పూర్తిగా పోతాయి.

ఒక రాత్రి ఎండిన వాగులో వేగంగా వెళుతుండగా, ముందస్తు పరిశీలనలో జీపీఎస్‌లో గుర్తుపెట్టుకున్న గండి దగ్గరపడింది. నేను “ఆపు” అన్నాను. డ్రైవరుకు ఏమీ వినిపించలేదు. “ఆపు, ఆపు, ముందు గండి” అని అరిస్తే రెండో మాట నుంచి వినబడిందట. అప్పటికే ముందు చక్రం అంచు దిగింది, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ వంగింది. దాన్ని మార్చి బయలుదేరేసరికి మా తరగతిలోని బళ్లు చాలావరకు మమ్మల్ని దాటిపోయాయి. తరువాత పరీక్షిస్తే తీగలూ ప్లగ్గులూ అన్నీ బాగానే ఉన్నాయి. పరికరం తాను చేయవలసినట్లే చేసిందని తెలిశాక బాధ మరింత పెరిగింది. ఒకరు స్టీరింగ్, మరొకరు థ్రాటిల్ పట్టుకునే ఆఫ్‌షోర్ పవర్‌బోట్లలో, పడవ అల మీద నుంచి లేచిన క్షణంలోనే థ్రాటిల్ తగ్గించవలసిన చోట, ఇలా మాట తెగితే ఏమవుతుందో తలచుకుంటే భయం వేస్తుంది.

ఆ రేసు తరువాత వాక్స్‌ను ఆపివేసి మైకును ఎప్పుడూ తెరిచే ఉంచాము. హోరు తగ్గడానికి మాత్రం మైకునే మార్చవలసి వచ్చింది. శబ్దం రెండు వైపులనుంచీ చేరే మైకులో, దూరపు మోత ముందూ వెనకా దాదాపు సమానంగా తాకి రద్దయిపోతుంది. పెదవుల దగ్గరి మాట ఒక వైపే బలంగా తాకుతుంది. అందుకే అది పెదవులకు ఆనీ ఆననట్టు ఉండాలి. కాస్త జరిగినా ఆ లాభం కరిగిపోతుంది. దీనికి తోడు హెల్మెట్ స్పీకర్లకు బదులు చెవి అచ్చుతో చేయించిన ఇయర్‌ఫోన్లు వచ్చాక డ్రైవరు గొంతు ఇంత స్పష్టంగా ఉంటుందా అని ఆశ్చర్యపోయాను.

కొన్న కొత్తలో ఈ ఇంటర్‌కామ్ పెట్టెలోని డిజిటల్ శబ్ద నియంత్రణను మా జట్టులో అందరికీ గొప్పగా చెప్పాను. మధ్యస్థ వేగాల్లో ఆ మాట ఇప్పటికీ నిజమే; పూర్తి వేగంలో మాత్రం గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. పిట్‌తో, అంటే దారిలో ఉండే మా సహాయక జట్టుతో, మాట్లాడే రేడియో విషయంలో ఫిర్యాదు లేదు, ఎందుకంటే అక్కడ స్టీరింగ్ మీది బటన్ నొక్కితేనే మైకు తెరుచుకుంటుంది. అయితే పెట్టెకు కరెంటు ఆగితే ఇంటర్‌కామ్, రేడియో రెండూ పోతాయి. అటువంటప్పుడు పైలట్ హెడ్‌సెట్‌ను నేరుగా రేడియోకు కలిపే సదుపాయం ఎన్నో విమాన ఇంటర్‌కామ్‌లలో ఉంది, ఇక్కడా ఉండవలసింది.

మాది కిటికీలు లేని కారు, ఇంజను మా వెనకే ఉంటుంది, నా గొంతు కూడా మంద్రం. మూసిన క్యాబిన్‌లో, గట్టి గొంతు గలవారికి వాక్స్ బాగానే పనిచేయవచ్చు. నేను మాత్రం దాన్ని ఆపుకునే స్విచ్ లేని ఇంటర్‌కామ్‌ను ఇకమీదట కొనను.