హెడ్‌సెట్టా, టీవీలో వీడియో కాలా, కింద బెంచీయా: డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకి ఏది మేలు?

మొదటి రోజు మా అత్తయ్యగారి బొట్టు హెడ్‌సెట్ స్పాంజికి అంటుకుపోయింది. వెనకాల పట్టీ జుట్టు ముడి మీద నిలవదు, పైకి జారిపోతుంది. పొద్దున్నే రాసుకున్న కొబ్బరినూనె సంగతి సరేసరి. అరకిలో బరువుండే ఆ వస్తువుని రెండు చేతులతో పట్టుకుని, "ఏంటమ్మాయ్ ఇది, కళ్ళకి గంతలు కడుతున్నావు?" అన్నారు. అప్పుడు నవ్వుకుని వదిలేశాను గానీ, ఈ వీఆర్ (వర్చువల్ రియాలిటీ, కళ్ళకి పెట్టుకుంటే చుట్టూ వేరే చోటు కనిపిస్తుంది) మీద నాకున్న పెద్ద అభ్యంతరం చివరికి అదే అయింది.

మేముండేది బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర. మామయ్యగారు పోయాక అత్తయ్యగారిని రాజమండ్రి నుంచి తెచ్చుకున్నాం. ఆవిడకి 76 ఏళ్ళు. నిమ్హాన్స్ ఆసుపత్రిలో చూపిస్తే అల్జీమర్స్, అంటే డిమెన్షియాలో (మతిమరుపు జబ్బులో) ఒక రకం అన్నారు, ఇప్పుడు మధ్య దశ. మరిది డల్లాస్‌లో, ఆడపడుచు కాకినాడలో. మందులు వాడుతున్నాం, అవి చేసేంత అవి చేస్తున్నాయి. మా బెంగ వేరే. ఆవిడతో మాట్లాడేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఇంటికి వచ్చినవాళ్ళు అడిగిందే రెండోసారి అడగ్గానే ఫోన్లోకి తల దించేస్తారు. వాళ్ళని అనడానికి లేదు, ఏం మాట్లాడాలో వాళ్ళకీ తెలియదు. పెద్దవాళ్ళలో ఈ జబ్బుని లెక్కగట్టి 2023లో వెలువడిన లాసీ-డాడ్ సర్వే అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. అంటే ఇలా ఫోన్లోకి తల దించుకునే చుట్టాలు దేశంలో కోట్లలో ఉండుంటారు.

మూడు దారులూ ప్రయత్నించాం. మార్కులు వేయడానికి నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే: ఆ పూట ఆవిడ తనంతట తానుగా ఎన్నిసార్లు మాట మొదలుపెట్టారు? మేం అడిగితే చెప్పినవి లెక్కలోకి రావు. వంటింటి క్యాలెండర్ మీద గీతలు పెట్టేదాన్ని. ఇది సైన్సు కాదు, ఒక కోడలి లెక్క.

ముందు హెడ్‌సెట్. మరిది అమెరికాలో 300 డాలర్ల రకం కొని, వచ్చినప్పుడు తెచ్చాడు. అందులో రెడీగా దొరికే వీడియోలతో మొదలుపెట్టాం. ఏదో విదేశీ సముద్రం, తెల్లటి ఇసుక. "బాగుంది" అన్నారు, ఊరుకున్నారు. పది నిమిషాల్లో ఒక్క గీత లేదు. ఇంగ్లండ్‌లో కెంట్ యూనివర్సిటీవాళ్ళు ఒక మానసిక వైద్యశాలలో ఉన్న ఎనిమిదిమంది డిమెన్షియా రోగులకి ఇలాంటివే చూపించారు: అడవి, సముద్ర తీరాలు, చర్చి, పల్లె. వాళ్ళలో పాత జ్ఞాపకాలు కదిలాయని, మనసు కాస్త కుదుటపడిందని 2019లో ప్రకటించారు. నమ్ముతాను. కానీ ఆ చర్చి, ఆ పల్లె వాళ్ళవి. మా అత్తయ్యగారికి ఆ సముద్రం ఎవరిదో.

అప్పుడు మావారి పిన్ని కొడుకు రాజమండ్రిలో 360 డిగ్రీల కెమెరా (చుట్టూ అన్ని పక్కలా ఒకేసారి తీసేది) అద్దెకి తీసుకుని పుష్కర ఘాట్‌లో వీడియో తీసి పంపాడు. ఇలాంటిది తీయించుకునేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. కెమెరాని స్టాండు మీద కదలకుండా పెట్టాలి, చేత్తో పట్టుకుని నడవకూడదు. కళ్ళు నడుస్తున్నామంటాయి, చెవి లోపల తూకం చూసుకునే భాగం కూర్చున్నామంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకే వికారం, కళ్ళు తిరగడం. ఎత్తు కూడా కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ఎత్తే ఉండాలి. మొదటి వీడియో వాడు తను నిలబడ్డ ఎత్తులో తీశాడు. ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టేసుకుని "పడిపోతానేమో" అన్నారు. మళ్ళీ తీయించాం.

ఆ రెండోది పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తల నెమ్మదిగా కుడికి తిప్పారు, ఇంకా తిప్పారు, మొత్తం వెనక్కి తిరిగి చూశారు. సముద్రం వీడియోకి ఆవిడ తల తిప్పనేలేదు. తర్వాత ఎడమచేత్తో చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని, కుడికాలు ముందుకి చాపి లేవబోయారు. నీళ్ళలోకి దిగే మెట్టు కనిపించింది ఆవిడకి. నేను భుజాలు పట్టుకోకపోతే టీపాయ్ మీద పడేవారే. అందుకే చెబుతున్నాను, పక్కన మనిషి లేకుండా ఇది పెట్టకండి. ఆ కూర్చునే కుర్చీకి చక్రాలు ఉండకూడదు.

ఆ రోజు క్యాలెండర్ మీద తొమ్మిది గీతలు. కార్తీకంలో అరటిదొప్పల్లో దీపాలు వదలడం, తడిబట్టలతోనే ఇంటికి నడవడం, మామయ్యగారు ఒడ్డున నిలబడి "లోపలికి వెళ్ళకు" అని కేకలు వేయడం, అన్నీ వచ్చాయి. ఇదీ వీఆర్ బలం. ఫోటో చూస్తే "ఎవరిది?" అని అడుగుతారు. ఇందులో ఆవిడ ఘాట్‌లో ఉన్నారు.

ఇక బలహీనత. హెడ్‌సెట్ తీయగానే చుట్టూ చూసి "ఇందాకటి వాళ్ళంతా ఏరీ?" అన్నారు. కళ్ళలో నీళ్ళు. ఆ తర్వాత నుంచి అయిపోవడానికి రెండు నిమిషాల ముందే చెప్పడం, చేయి పట్టుకుని తీయడం, వెంటనే కాఫీ ఇవ్వడం అలవాటు చేసుకున్నాం. ఇంకోటి, అది పెట్టుకున్నంతసేపూ ఆవిడ మా మొహాలు చూడలేరు, మేం ఆవిడ కళ్ళు చూడలేం. నలుగురితో కలపడానికని తెచ్చిన వస్తువు, నలుగురి మధ్యలో ఉన్న మనిషిని ఒంటరిని చేసింది. గంతలు అన్నారే, అది.

దీనికి విరుగుడు లేకపోలేదు. అమెరికాలో రెండెవర్ అనే కంపెనీ వృద్ధుల ఇళ్ళలో హెడ్‌సెట్లన్నీ కలిపేస్తుంది. గదిలో అందరికీ ఒకేసారి ఒకే దృశ్యం కనిపిస్తుంది, సిబ్బంది ట్యాబ్లెట్‌తో నడిపిస్తూ మాట్లాడిస్తారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరాలో తమారా అఫీఫీ బృందం ఇంకో అడుగు వేసింది. జ్ఞాపకశక్తి తగ్గిన పెద్దవాళ్ళని, దూరాన ఉన్న వాళ్ళ కుటుంబ సభ్యులని వీఆర్‌లో కలిపి, మామూలు ఫోన్ కాల్‌తో పోల్చి చూసింది. వీఆర్‌లో పెద్దవాళ్ళు మాటల్లో ఎక్కువగా లీనమయ్యారని తేలింది. కొద్దిమందితో చేసిన ప్రయోగమే, పైగా తీవ్ర దశలో ఉన్నవాళ్ళు కారు. మేమూ మరిదితో అలా కలిపి చూశాం. వాడి బదులు ఒక కార్టూన్ బొమ్మ వచ్చి నిలబడి చెయ్యి ఊపింది. "వాడి గొంతు వస్తోంది, ఈ బొమ్మెవరు?" అని భయపడ్డారు. మా మరిది మొహం, నిజం మొహం, ఫోన్లో హాయిగా కనిపిస్తుంటే ఈ బొమ్మ దేనికి?

అలా రెండో దారికి వచ్చాం, వీడియో కాల్. ఇది మేం మూడేళ్ళుగా తప్పుగా చేస్తున్నాం. చిన్న ఫోను, అటు ఐదుగురు ఒకేసారి మాట్లాడడం, అన్నిటికన్నా ఘోరం "నేనెవరో చెప్పు అమ్మా?" అనే పరీక్ష. చుట్టాలందరికీ ఈ ప్రశ్న మీద ఎందుకింత మోజో! పాసైతే చప్పట్లు, ఫెయిలైతే అటువైపు ఏడుపు. ఇప్పుడు కాల్ టీవీకి ఎక్కించాం. ఎత్తగానే వాడే "అమ్మా, నేను నీ చిన్నకొడుకుని, డల్లాస్ నుంచి" అని చెప్పేస్తాడు. ఒకరి తర్వాత ఒకరే మాట్లాడాలని రూలు. వినికిడి మిషన్ బ్యాటరీ ముందే చూసుకుంటాం. మాట వినపడక నోరు మెదపకపోతే, దాన్ని కూడా మతిమరుపు ఖాతాలో వేసేస్తాం మనం.

చిక్కల్లా టైము. అత్తయ్యగారికి తెలివి హుషారుగా ఉండేది పొద్దున పది గంటలకి. డల్లాస్‌లో అప్పుడు వేసవైతే రాత్రి పదకొండున్నర, చలికాలమైతే పదిన్నర. వాడికి వీలైన టైము మనకి సాయంత్రం ఆరు గంటలు, అప్పుడు ఈవిడ "ఇంటికి వెళ్ళిపోదాం, చీకటి పడుతోంది" అని గుమ్మం దగ్గర తిరుగుతుంటారు. అందుకని వారానికి రెండు రోజులు వాడు నిద్ర మానుకుంటాడు. గీతలు సగటున రెండో మూడో. అందులో ఒకటి తప్పకుండా "కాఫీ తాగావా?". పోనీ, అదీ మాటేగా.

మధ్యలో డే కేర్ (పెద్దవాళ్ళని పగటిపూట చూసుకునే చోటు) కూడా చూశాం, దాని గురించి ఎక్కువ చెప్పను. మాకు అందుబాటులో ఉన్న ఒకదానికి పంపాం. మనుషులు మంచివాళ్ళే, పాటలు, ఆటలు అన్నీ కన్నడంలో, ఇంగ్లీషులో. ఈవిడ నవ్వుతూ కూర్చుని వచ్చేవారు. భాష ఎంత ముఖ్యమో వైద్యులకి తెలియనిది కాదు. 14 విడతలుగా బృందంతో చేయించే కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీని (మాటలతో, ఆటలతో మెదడుకి పని చెప్పే పద్ధతి) ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్నప్పుడు, చెన్నైలో స్కార్ఫ్ అనే మానసిక ఆరోగ్య సంస్థవాళ్ళు దాన్ని తమిళానికి, అక్కడి అలవాట్లకి తగ్గట్టు మలుచుకున్నారు. బెంగళూరులో ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, మన పెద్దవాళ్ళకి తెలుగులో ఒక పూట జరిగే చోటు మా చుట్టుపక్కల నాకు దొరకలేదు.

మూడోది కింద బెంచీ. అపార్ట్‌మెంట్ గేటు పక్కన, కానుగ చెట్టు కింద. అక్కడ చిత్తూరు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంటారు, ఇంకో కన్నడ అజ్జి (అవ్వ). చిత్తూరావిడ తెలుగుకి, మా అత్తయ్యగారి గోదావరి తెలుగుకి మధ్య ఉన్న దూరం చూడాలి. "ఏమ్మే, అన్నం తినేస్తివా?" అని ఆవిడ, "తిన్నానండీ, తమరో?" అని ఈవిడ. ఆవిడ తన కోడలి మీద చెప్పిందే చెబుతారు, ఈవిడ మర్చిపోయి ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోతారు. ఇంతకన్నా మంచి శ్రోత ఎక్కడ దొరుకుతుంది? అజ్జితో కన్నడం రెండు మాటలు వచ్చాయి: "ఊటా ఆయ్తా", భోజనం అయిందా అని. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి డిమెన్షియా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చిందని హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగుల వివరాలతో సువర్ణ అల్లాడి బృందం 2013లో చెప్పింది. వచ్చాక నేర్చుకున్న రెండు మాటలకి అంత సీను లేదనుకోండి.

బెంచీ మీద గీతలు లెక్కపెట్టడం మానేశాను, వీలు కాలేదు. మూడింట్లో అదే ముందుంది, అనుమానం లేదు. ఖర్చు సున్నా. అయితే జూన్ నుంచి వానలు. పైగా చిత్తూరావిడ కూతురి పురిటికని ఆరు నెలలు అమెరికా వెళ్ళారు. బెంచీ ఉంది, మనిషి లేదు.

ఆ ఆరు నెలల్లోనే అసలు కిటుకు దొరికింది. ఘాట్ వీడియో హెడ్‌సెట్‌లో నడుస్తున్నప్పుడు అదే దృశ్యాన్ని టీవీ మీదకీ పంపవచ్చు, క్యాస్టింగ్ అంటారు. మొదట్లో ఆవిడ ఏం చూస్తున్నారో మాకు తెలియాలని చేశాం. టీవీలో గోదావరి కనపడుతుంటే మావారు, "అదుగో అమ్మా, పాత బ్రిడ్జి" అన్నారు. "రైలు రావట్లేదేంట్రా?" అన్నారావిడ. "అది 1997లోనే ఆపేశారు కదమ్మా" అని ఈయన. అంతే, ఆవిడ నోరు మూసుకున్నారు. ఆ పాత బ్రిడ్జి, హేవ్‌లాక్ వంతెన, 1900లో మొదలైంది, 97 ఏళ్ళు రైళ్ళు నడిచాయి, అది నిజమే. ఆ నిజంతో ఆ పూట మాటలు ఆగిపోయాయి. ఇంకో రోజు రైలు రావట్లేదన్నప్పుడు నేను "రైలెక్కి ఎక్కడికెళ్ళేవారండీ?" అన్నాను. "కొవ్వూరు. మా పెదనాన్నగారిల్లు." అక్కడి నుంచి ఇరవై నిమిషాలు.

ఒక ఆదివారం ఆవిడకి తలనొప్పిగా ఉండి హెడ్‌సెట్ వద్దన్నారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడు ఊరికే తను పెట్టేసుకున్నాడు. టీవీలో ఘాట్. వాడు రాజమండ్రి చూసింది చిన్నప్పుడు రెండుసార్లు. "నానమ్మా, ఇటుపక్క ఏముంది?" అన్నాడు. ఇంక చూడండి. గంతలు వాడికి, కళ్ళు ఆవిడవి. దారి తెలిసిన మనిషి ఆవిడ, తెలియనివాడు వాడు. డిమెన్షియా వచ్చాక మా ఇంట్లో ఆవిడని ఎవరూ దారి అడగలేదు.

కాబట్టి ఏది మేలు అంటే, జబ్బు తొలిదశలో ఉండి, దూరాన ఉన్న బిడ్డ కూడా హెడ్‌సెట్ పెట్టుకోగలిగితే వీఆర్ ప్రయత్నించవచ్చు. మధ్య దశలో నా ఓటు టీవీకే: హెడ్‌సెట్ ఇంకొకరికి పెట్టి, తెర మీద సొంత ఊరు వేసి, డల్లాస్‌ని ఫోన్ స్పీకర్లో ఉంచండి. హెడ్‌సెట్ లేకపోయినా 360 వీడియోని లాప్‌టాప్ నుంచి టీవీకి కలిపి మౌస్‌తో తిప్పుకోవచ్చు, దాదాపు అంతే మాట్లాడతారు. చివరి దశకి వీటిలో ఏదీ కాదు. మూర్ఛలున్నా, లేనివి కనిపిస్తున్నా, కళ్ళు తిరిగే జబ్బున్నా డాక్టర్ని అడక్కుండా హెడ్‌సెట్ ముట్టుకోకండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నా అంతే. ఈ పరికరాల్లో అయస్కాంతాలు, రేడియో తరంగాలు ఉంటాయని కంపెనీలే హెచ్చరిస్తాయి. ఎంతసేపైనా 15 నిమిషాలు దాటకండి. బెంచీ దొరికితే ముందు బెంచీకే వెళ్ళండి.

మొన్న ఆదివారం మళ్ళీ మావాడు పెట్టుకున్నాడు. మరిది స్పీకర్లో ఆవలిస్తూ వింటున్నాడు. "ఎడం పక్కకి తిరుగు. ఇంకొంచెం. ఆ మెట్లు పాచి పట్టి ఉంటాయ్, చూసుకుని దిగు."

"ఎక్కడ నానమ్మా?"

"అదుగో, నీ కాళ్ళ దగ్గరే. కనపడట్లేదా? వీడికి చూపు ఆనట్లేదే, అమ్మాయ్, ఓసారి డాక్టర్‌కి చూపించండి."