క్యాన్‌కూన్ ఆల్ ఇన్‌క్లూజివా, ప్లాయాలో అపార్ట్‌మెంటా, పుంటా కానానా? అమ్మానాన్నలతో వెళ్తే ఏది మేలు

మా డాలస్‌లో లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఇదే మాట. "క్యాన్‌కూన్ వెళ్ళొచ్చేయండి, ఆల్ ఇన్‌క్లూజివ్ చవగ్గా వస్తోంది, ఒక్కసారి కట్టేస్తే తిండి, డ్రింక్స్, పూల్ అన్నీ అందులోనే, ఇంక పర్స్ తియ్యక్కర్లేదు" అని. అందులో అబద్ధమేం లేదు, కానీ ఆ చవక ఎవరికి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. మేం మూడేళ్ళలో మూడు రకాలుగా వెళ్ళొచ్చాం, ఒకసారి మెక్సికోలోని క్యాన్‌కూన్ హోటల్ జోన్‌లో బడ్జెట్ ఆల్ ఇన్‌క్లూజివ్, ఒకసారి అదే తీరంలో ఉన్న ప్లాయా దెల్ కార్మెన్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్, ఒకసారి డొమినికన్ రిపబ్లిక్‌లో పుంటా కానా. మొదటి రెండూ అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడే. అమ్మ పూర్తి వెజిటేరియన్, గుడ్డు కూడా ముట్టదు. నాన్నకి షుగర్, ఆదివారం చికెన్ ఉంటే తింటారు. ఇద్దరు పిల్లలు, ఒకడికి తొమ్మిది, చిన్నదానికి అయిదు. మా ఆయనా నేనూ ఎప్పుడో ఒక బీరు తప్ప పెద్దగా తాగం. మీ ఇల్లు కూడా ఇలాంటిదే అయితే ఇది మీకు పనికొస్తుంది.

ముందు డబ్బు లెక్క చెప్తా, అందరూ అడిగేది అదే కాబట్టి. క్యాన్‌కూన్‌లో థాంక్స్‌గివింగ్ వారంలో రెండు రూములకీ కలిపి రాత్రికి 410 డాలర్లు పడింది, నాలుగు రాత్రులకి 1,640. ప్లాయాలో జూన్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్ రాత్రికి 120, నాలుగు రాత్రులకి 480, సరుకులు, బయట తిండి, టాక్సీలు, ఒకరోజు ఫెర్రీ అన్నీ వేసుకుంటే ఇంకో 450 అయింది. అంటే మొత్తం 930. ఫ్లైట్ టికెట్లు రెండిటికీ ఒకటే, క్యాన్‌కూన్ ఎయిర్‌పోర్టులోనే దిగుతాం, డాలస్ నుంచి మూడు గంటల్లోపే. సీజన్‌ని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ తేడా మాత్రం ఇంచుమించు ఇంతే ఉంటుంది.

ఎందుకంత తేడా అంటే ఆల్ ఇన్‌క్లూజివ్ అనేది రూము అద్దె కాదు, తలకింత అని లెక్క. ఆ తలలో బార్ ఖర్చు కూడా ఉంటుంది. పొద్దున పదింటికే పూల్ బార్ దగ్గర గ్లాసు పట్టుకు కూర్చునే ఆయనకీ, రోజంతా కొబ్బరి నీళ్ళూ మజ్జిగా అడిగే మా అమ్మకీ ఒకటే రేటు. మందు తాగే నలుగురు ఫ్రెండ్స్ కలిసి వెళ్తే కళ్ళు మూసుకుని ఆల్ ఇన్‌క్లూజివే తీసుకోవచ్చు, కట్టింది మొత్తం వసూలవుతుంది. మా లాంటి వాళ్ళం మాత్రం పక్కవాడి టెకీలాకి మన జేబులోంచి కట్టినట్టే.

అయినా ఆ మొదటి ట్రిప్పు మాకు నచ్చలేదని అనను. పిల్లలకైతే స్వర్గం. "అమ్మా ఐస్‌క్రీమ్" అంటే ఎంత అని చూసుకోనక్కర్లేదు, చేతికి రిస్ట్‌బ్యాండ్ ఉంది, వాళ్ళే వెళ్ళి తెచ్చుకుంటారు, అర్ధం తిని వదిలేసినా ప్రాణం ఉసూరుమనదు. నాన్న రోజూ పొద్దున ఆరింటికి బీచ్ మీద నడిచొచ్చి బొప్పాయి, పుచ్చకాయ, ఆమ్లెట్ తిని కాఫీ తాగుతూ కూర్చునేవారు. ఆయన అంత తీరిగ్గా కూర్చోవడం నేను చిన్నప్పటి నుంచీ చూడలేదు. ప్రతి పూటా "ఎంతయిందమ్మా బిల్లు, రూపాయల్లో ఎంత" అని అడిగే మనిషి ఆ నాలుగు రోజులూ ఆ మాటే ఎత్తలేదు. ఇదొక్కటీ అపార్ట్‌మెంట్‌లో దొరకదు, డబ్బు మిగిలినా దొరకదు.

ఇబ్బంది అంతా అమ్మ తిండి దగ్గరే వచ్చింది. మొదటి రోజు బఫేలో క్యారెట్, బఠాణీ వేసిన ఎర్రటి అన్నం ఉంది, చూడ్డానికి మన టమాటా రైస్ లాగే. నేను "కార్నే?" అని అడిగితే ఆ కుర్రాడు నవ్వుతూ "నో కార్నే" అన్నాడు, అమ్మ పెట్టుకుంది, రెండు ముద్దలు తిని "ఏదో వాసన వస్తోందే" అని ప్లేటు పక్కన పెట్టింది. తర్వాత వంటాయన్ని పిలిచి అడిగితే తెలిసింది, అక్కడ అన్నం చాలా చోట్ల కాల్దో దే పోయో వేసి వండుతారు, అంటే చికెన్ ఉడకబెట్టిన నీళ్ళు. రుబ్బిన బీన్స్‌లో మంతేకా, అంటే పంది కొవ్వు, వెయ్యడం కూడా మామూలే. పైగా వాళ్ళ భాషలో కార్నే అంటే చాలామందికి ఎర్ర మాంసమే, చికెన్, చేప అందులోకి రావు, అందుకే ఆ కుర్రాడు చెప్పింది వాళ్ళ లెక్కలో నిజమే. మీరు వెళ్తే విడివిడిగా అడగండి, "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ మంతేకా, సిన్ కాల్దో దే పోయో" అని. సిన్ అంటే లేకుండా, పోయో అంటే చికెన్, పెస్కాదో అంటే చేప. అమ్మ ఆ పూట అరటిపండు తిని లేచేసింది, నాకు గొంతులో ముద్ద దిగలేదు.

మర్నాటి నుంచి ఆ వంటాయనే అమ్మ కోసం విడిగా తెల్లన్నం, కొవ్వు వెయ్యని నల్ల బీన్స్, పెనం మీద కాల్చిన మొక్కజొన్న తోర్తియా, అవకాడో పెట్టాడు. పక్కన చిన్న గిన్నెలో హబనేరో సల్సా. యుకతాన్, అంటే ఆ ప్రాంతం వాళ్ళ, ఆ మిరపకాయ ముందు మన గుంటూరు కారం కూడా ఒకడుగు వెనక్కి వెయ్యాల్సిందే. అమ్మ స్పూన్ చివర అంటుకున్నంత అన్నంలో కలుపుకుని "ఇప్పుడు తిన్నట్టుంది" అంది. ఆయనకి మేం రోజూ రెండు డాలర్లు టిప్ ఇచ్చాం, ఇంకా ఇవ్వాల్సింది. ఆల్ ఇన్‌క్లూజివ్ అంటే టిప్పు కూడా అందులోనే అని చాలామంది అనుకుంటారు గానీ, రూము సర్దే ఆవిడకీ, వడ్డించే వాళ్ళకీ రోజూ ఒకటో రెండో డాలర్లు ఇవ్వండి, చిల్లర నోట్లు ఇక్కడి నుంచే పట్టుకెళ్ళండి.

ఇన్‌క్లూడ్ కానివి ఇంకా ఉన్నాయి, బడ్జెట్ రిసార్టుల్లో ముఖ్యంగా. పర్యావరణ పన్ను అని రాత్రికి రూముకి కొన్ని డాలర్లు, చాలా చోట్ల చెకిన్ అప్పుడు కౌంటర్లోనే కట్టించుకుంటారు. బీచ్ టవల్ కార్డు పోతే ఫైన్. బఫే కాకుండా ఇటాలియన్, మెక్సికన్ అంటూ ఉండే రెస్టారెంట్లకి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి, కొన్నింట్లో నాలుగు రోజులకి ఒకటో రెండో సార్లే ఇస్తారు, రాత్రి పూట మగవాళ్ళు షార్ట్స్‌లో వస్తే రానివ్వరు, మా ఆయన రూముకెళ్ళి ప్యాంటు మార్చుకుని రావాల్సొచ్చింది. అన్నిటికన్నా పెద్ద బెడద టైమ్‌షేర్ వాళ్ళది, అంటే రిసార్టులో ఏటా కొన్ని రోజులు ఉండే వాటా అమ్మజూపే వాళ్ళది. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దాటి బయటికొచ్చే హాల్లోనే టాక్సీ వాళ్ళలాగా, టూరిస్ట్ ఇన్ఫర్మేషన్ వాళ్ళలాగా నిలబడి పిలుస్తారు, ఆగకండి, తిన్నగా బయటికి వచ్చెయ్యండి. మేం దిగిన రిసార్టులో చెకిన్ అయ్యాక కూడా "స్వాగతం చెప్పే బ్రేక్‌ఫాస్ట్, తొంభై నిమిషాలు" అన్నారు, సరే అని వెళ్ళాం, అది మూడు గంటలయింది, పిల్లలు ఏడుపు, నాన్నకి టాబ్లెట్ టైము దాటిపోయింది. ఆ పొద్దునంతా వృథా అయిందన్న కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఫ్రీగా ఇస్తామన్న టూరు వద్దని మొహం మీదే చెప్పండి, ఏమీ అనుకోరు.

బీచ్ సంగతి. క్యాన్‌కూన్ హోటల్ జోన్ 7 అంకె ఆకారంలో ఉన్న సన్నటి ఇసుక దిబ్బ. 1970 దాకా అక్కడ దాదాపు ఏమీ లేదు, మెక్సికో ప్రభుత్వమే ప్లాన్ చేసి కట్టిన ఊరు. 7 పైగీత మీద ఉన్న హోటళ్ళ ముందు సముద్రం చెరువులా ఉంటుంది, ఎదురుగా ఇస్లా ముహేరెస్ ద్వీపం అడ్డు కాబట్టి. నిలువు గీత మీద ఉన్నవాటికి తూర్పు సముద్రం తిన్నగా తగులుతుంది, రంగు చూస్తే కళ్ళు తిప్పుకోలేం గానీ అలలు గట్టిగా లాగుతాయి, ఎర్రజెండా ఎగురుతూ ఉంటుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే రేటు ఇరవై డాలర్లు ఎక్కువైనా పైగీత మీదే తీసుకోండి. ఇది తెలియక మేం నిలువు గీత మీద తీసుకున్నాం, పిల్లలు సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని పూల్‌లోనే ఆడుకున్నారు.

ఇక ప్లాయా. ఎయిర్‌పోర్టు నుంచి ఏడీఓ బస్సు తిన్నగా ఉంది, గంట, బస్సు బాగుంటుంది, ఏసీ కాస్త ఎక్కువ, అమ్మకి శాలువా పట్టుకెళ్ళాం. బస్‌స్టాండు దగ్గరే క్వింతా అవెనీదా, బళ్ళు తిరగని పొడవాటి వీధి, సాయంత్రాలు అక్కడే నడుస్తూ గడిచిపోయేవి. వాల్‌మార్ట్, చెద్రావీ లాంటి పెద్ద షాపులున్నాయి, బియ్యం, పెరుగు, కూరగాయలు, మామిడిపళ్ళు అన్నీ దొరుకుతాయి, కుళాయి నీళ్ళు తాగకూడదు, పెద్ద బాటిళ్ళు కొనుక్కోవాలి. సీల్ తియ్యని కందిపొడి ప్యాకెట్ ఒకటి మేం తీసుకెళ్ళాం. రెండో రోజు కూరల షాపులో ఒక గోనెసంచి నిండా ఎండిన ఎర్రటి పూరేకుల లాంటివి ఉంటే అమ్మ ఒకటి తీసి వాసన చూసి కొరికి, నా చెయ్యి పట్టుకుని "ఇది గోంగూర పులుపే, చూడు" అంది. వాళ్ళు దాన్ని హమైకా అంటారు, చక్కెర నీళ్ళలో వేసి చల్లగా తాగుతారు. నిజంగానే అది మన ఎర్రగోంగూర జాతి మొక్క కాయ చుట్టూ ఉండే దళసరి రేకే. అమ్మ పావుకిలో కొనిపించి, నానబెట్టి, ఎండుమిర్చి వేయించి, అపార్ట్‌మెంట్‌లో ఉన్న బ్లెండర్‌లో వేసి పచ్చడి చేసింది. ఆ రాత్రి బాల్కనీలో వేడన్నంలో ఆ పచ్చడి, పక్కన అవకాడో ముక్కలు. క్యాన్‌కూన్ బఫేలో యాభై రకాల్లో ఏదీ దానికి సాటి రాదు.

కానీ నిజం చెప్పాలి, ప్లాయాలో నాకు సెలవు దొరకలేదు. గిన్నెలు కడిగింది నేనే, "రేపు పొద్దున టిఫిన్ ఏంటి" అన్న ప్రశ్న డాలస్ నుంచి నాతో పాటే వచ్చింది. ఇంకోటి సర్గాసమ్, అట్లాంటిక్ మీదుగా కొట్టుకొచ్చే గోధుమరంగు నాచు. 2011 నుంచి ఆ సముద్రాల్లో ఇది పెద్ద సమస్య, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఎక్కువ. మేం వెళ్ళిన జూన్‌లో ఒడ్డంతా గుట్టలు, కుళ్ళితే కోడిగుడ్డు కుళ్ళిన కంపు, ట్రాక్టర్లతో ఎత్తుతూనే ఉన్నారు, మళ్ళీ వస్తూనే ఉంది. పిల్లలు రెండు రోజులు నీళ్ళలో దిగలేదు. జూన్ నుంచి నవంబరు దాకా తుఫాన్ల సీజన్ కూడా. కాబట్టి ప్లాయా అయినా, దానికి దక్షిణాన ఉన్న తులుం అయినా డిసెంబరు, ఫిబ్రవరి మధ్య చూసుకోండి, రేటు కాస్త పెరిగినా పర్లేదు. వేసవిలోనే వెళ్ళాల్సొస్తే క్యాన్‌కూన్ పైగీత వైపు నాచు తక్కువగా పడుతుంది.

పుంటా కానా గురించి ఎక్కువ చెప్పను, అది మాకు దూరం. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు వాళ్ళతో కలిసి ఫిబ్రవరిలో వెళ్ళాం, వాళ్ళకి డైరెక్ట్ ఫ్లైట్ నాలుగు గంటలు, మాకు ఒక చోట మారి పొద్దంతా పట్టింది. బీచ్ మాత్రం, బవారో వైపు, ఈ మూడింట్లోకీ అందం అదే, వంగిన కొబ్బరిచెట్లు, పిండిలాంటి ఇసుక. రిసార్ట్ గేటు దాటితే నడిచి వెళ్ళడానికి పెద్దగా ఏం ఉండదు, కాబట్టి అక్కడికి వెళ్తే ఆల్ ఇన్‌క్లూజివే దారి. వెజ్ వాళ్ళకి అరటికాయ దేవుడిలా ఆదుకుంటుంది, పచ్చి అరటికాయ ముక్కలు వేయించి, అణిచి, మళ్ళీ వేయించే తోస్తోనేస్ రోజూ ఉండేవి. ఈస్ట్ కోస్ట్‌లో ఉండేవాళ్ళు దీన్ని ముందు చూడండి.

వీసా విషయం ఒక్క మాట. మన పాస్‌పోర్టుతో మెక్సికో, డొమినికన్ రిపబ్లిక్ రెండూ చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే రానిస్తాయి. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు అయిపోయి, చేతిలో ఐ 797, అంటే అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళిచ్చే అప్రూవల్ కాగితం, మాత్రమే ఉంటే దాన్ని నమ్ముకుని మెక్సికో టికెట్ కొనకండి, ముందు మెక్సికో వీసా తీసుకోవాలి. అమ్మానాన్నల విజిటర్ వీసా గడువు లోపల ఉంటే సరిపోతుంది. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొట్టేముందు ఆయా దేశాల కాన్సులేట్ పేజీ చూసుకోండి.

నన్ను ఒక్కటే చెప్పమంటే, చిన్నపిల్లలున్న జంట మాత్రమే వెళ్తుంటే, లేదా ఫ్రెండ్స్ గ్యాంగు అయితే, క్యాన్‌కూన్ పైగీత మీద బడ్జెట్ ఆల్ ఇన్‌క్లూజివ్, మూడు రాత్రులు చాలు, నాలుగో రోజుకి బఫే మొహం మొత్తుతుంది. వెజ్ తినే పెద్దవాళ్ళుంటే ప్లాయాలో అపార్ట్‌మెంట్, కానీ చలికాలంలో. వంట బాధ్యత ఎవరిదో టికెట్లు కొనక ముందే ఇంట్లో మాట్లాడుకోండి, అది మొత్తం మీ ఒక్కదాని మీదే పడకూడదు.

ఈ జనవరికి అమ్మానాన్నలు మళ్ళీ వస్తున్నారు. ఈసారి ప్లాయాలో అపార్ట్‌మెంట్ నాలుగు రాత్రులు తీసుకున్నాం, మధ్యలో ఒకరోజు దగ్గర్లోని రిసార్టుకి డే పాస్, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిండీ, స్విమ్మింగ్ పూలూ అన్నీ అందులోనే, పిల్లలకి ఐస్‌క్రీమూ నాన్నకి బిల్లు లేని కాఫీ దొరుకుతాయి. గిన్నెలు మా ఆయన కడుగుతానన్నారు. అమ్మ మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ అడిగేది ఒకటే, ఆ హమైకా ఈసారి అరకిలో కొందామా అని.