ఫుట్‌రెస్టులు 30 మిల్లీమీటర్లు దించి మూడేళ్లు నడిపిన తరువాత

నా ఎత్తు 186 సెంటీమీటర్లు. నాది నిటారుగా కూర్చుని నడిపే, దూర ప్రయాణాలకు అనువైన టూరింగ్ తరహా మోటార్‌సైకిల్, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. ఇంజిను, హ్యాండిల్, బ్రేకులు మొదటి రోజు నుంచీ నచ్చాయి. నచ్చనిది ఒక్కటే, గంటన్నర నడిపేసరికి కుడి మోకాలి చిప్ప కింద సన్నగా మొదలయ్యే నొప్పి. రెండు గంటలు దాటితే, నడుస్తున్న బండి మీదే ఒక కాలు తీసి కాసేపు చాపితే తప్ప ఓర్చుకోలేకపోయేవాణ్ణి. అది ప్రమాదమని తెలిసీ చేసేవాణ్ణి కాబట్టే దీనికి శాశ్వతమైన మార్గం వెతకవలసి వచ్చింది. ఫుట్‌రెస్టులను కిందికి దించే బ్రాకెట్లు బిగించుకుని మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో 38,000 కిలోమీటర్లు తిరిగాను కాబట్టి, వాటి మేలూ కీడూ రెండూ నాకు బాగా తెలుసునని చెప్పగలను.

మోకాలు ఎంత ముడుచుకుంటే చిప్ప తొడ ఎముకను అంత గట్టిగా అదుముతుంది. నడిచేటప్పుడు ఆ ఒత్తిడి వస్తూ పోతూ ఉంటుంది కానీ, బండి మీద అదే భంగిమలో గంటల తరబడి కదలక కూర్చుంటాం. బండి మీద కూర్చున్నప్పుడు పక్క నుంచి ఫొటో తీయించుకుని, తుంటి, మోకాలు, చీలమండలను గీతలతో కలిపి చూస్తే నా మోకాలి దగ్గర కోణం సుమారు 78 డిగ్రీలు వచ్చింది. ఫుట్‌రెస్టులను 30 మిల్లీమీటర్లు దించాక అదే పద్ధతిలో కొలిస్తే 83 వచ్చింది. ఐదు డిగ్రీలే కదా అనిపించవచ్చు. నొప్పి మాత్రం గంటన్నరకు మొదలయ్యేది కాస్తా నాలుగు గంటలకు జరిగింది, అది కూడా అసలు దిగకుండా నడిపినప్పుడే. నేను ఊహించని మరో మేలు నడుము కింద కనిపించింది. మునుపు మోకాళ్లు పైకి లేచి ఉండడం వల్ల తొడలు సీటును తాకేవి కావు, బరువంతా పిరుదుల ఎముకల మీదే పడేది. ఇప్పుడు తొడలు సీటు మీద ఆనుతున్నాయి. సీటు మార్చాలనుకున్నవాణ్ణి ఆ ఆలోచన మానుకున్నాను.

కొనే ముందు చేసిన ఒక పని ఎవరికైనా ఉపయోగపడుతుంది. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, రెండు వైపులా చెక్క ముక్కలు పేర్చి, వాటి పైభాగం ఫుట్‌రెస్ట్ కంటే 20, 30, 40 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా మార్చుకుంటూ, ఒక్కో ఎత్తులో ఇరవై నిమిషాల చొప్పున పాదాలు వాటి మీద ఉంచి కూర్చున్నాను. 20 దగ్గర తేడా ఉందో లేదో తెలియలేదు, 30 దగ్గర స్పష్టంగా తెలిసింది, 40 దగ్గర ఇంకా హాయిగా ఉంది. కొన్ని బండ్లలో ఫుట్‌రెస్ట్ మీది రబ్బరు తీసేస్తేనే కాస్త చోటు దొరుకుతుంది, అయితే ఇంజిను అదురు నేరుగా పాదానికి తగులుతుంది. సీటు ఎత్తు పెంచినా కాళ్లకు చోటు పెరుగుతుంది. నాకు బండి ఆపినప్పుడు రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి కాబట్టి ఆ దారిలో వెళ్లలేదు.

నేను తీసుకున్న బ్రాకెట్ ఒక అల్యూమినియం దిమ్మ. దాని పైభాగం ఫుట్‌రెస్ట్ ఉండవలసిన చోట పాత పిన్నుతోనే కూర్చుంటుంది, ఫుట్‌రెస్ట్ ఆ దిమ్మ కింది భాగంలో బిగుస్తుంది. 20, 30, 40 మిల్లీమీటర్లకు మూడు రంధ్రాలున్నాయి. ఇక్కడ రెండు విషయాలు తప్పక చూసుకోవాలి. మొదటిది, దిమ్మకూ పాత అమరికకూ మధ్య ఏమాత్రం ఆట (వదులు) ఉన్నా అది ఫుట్‌రెస్ట్ చివరకు వచ్చేసరికి రెట్టింపై కనిపిస్తుంది, లేచి నిలబడితే పాదం కింద కదులుతున్నట్టు తెలుస్తుంది. రెండోది, బిగించాక ఫుట్‌రెస్ట్ మునుపటిలాగే పైకి మడత పడాలి. మలుపులో నేలను తాకితే మడత పడి తప్పుకోవడానికే దానికి ఆ కీలు ఉంది. మడత పడని భాగం ముందు తాకితే బండి బరువు దాని మీదికి వచ్చి వెనుక టైరు నేలను వదిలే ప్రమాదం ఉంది, అందుకే దిమ్మ కింది బోల్టు ఫుట్‌రెస్ట్ చివర కంటే ముందుగా నేలకు తగలదని నిర్ధారించుకున్నాకే నడిపాను.

బిగించడం అరగంట పని. అసలు పని ఆ తరువాత మొదలైంది, చాలామంది ఇక్కడే విసిగి బ్రాకెట్లు తీసేస్తారు. పాదం కిందికి దిగినప్పుడు గేర్ లివర్, బ్రేక్ పెడల్ పాత చోటే ఉండిపోతే, గేరు వేయడానికి ప్రతిసారీ కాలు ఎత్తవలసి వస్తుంది, బ్రేకు కోసం మడమ ఫుట్‌రెస్ట్ నుంచి లేపవలసి వస్తుంది. గేర్ లివర్‌కు ఉన్న కడ్డీలో ఒక చివర మర ఎడమచుట్టు కాబట్టి, రెండు లాక్ నట్టులు వదులు చేసి కడ్డీని తిప్పితే చాలు, పొడవు మారి లివర్ దిగుతుంది. కడ్డీ చివరలు మరలో తగినంత లోతుగా ఉన్నాయా లేదా చూసి నట్టులు మళ్లీ బిగించాలి. నేను ముందు లివర్‌ను, అది బిగిసే పళ్ల షాఫ్ట్ మీద ఒక పన్ను జరిపి పెట్టాను. అది అవసరానికి మించి దిగిపోయింది. వెనక్కి తెచ్చి, కడ్డీతోనే సర్దాను.

బ్రేక్ పెడల్ విషయంలో చేసిన పొరపాటు మాత్రం చిన్నది కాదు. పెడల్ ఎత్తును ఆపే బోల్టు ఒక్కటే తిప్పి పెడల్ దించాను, బ్రేక్ ఆయిల్‌ను చక్రం వైపు తోసే మాస్టర్ సిలిండర్‌ను నెట్టే కడ్డీని దానికి తగ్గట్టు సర్దలేదు. దాంతో పెడల్‌కు ఉండవలసిన కాస్త వదులు పోయింది, నేను తొక్కకపోయినా వెనుక బ్రేకు అరకొరగా పట్టే ఉంది. నలభై నిమిషాలు నడిపేసరికి బండి బరువుగా లాగుతున్నట్టనిపించి ఆపాను. వెనుక చక్రం దగ్గర మాడిన వాసన, డిస్క్ దగ్గరకు చేయి తీసుకెళ్లలేనంత వేడి. ఆయిల్ వేడెక్కి వ్యాకోచించిన కొద్దీ బ్రేకు మరింత బిగుస్తుంది, ఇంకొంత దూరం వెళ్లి ఉంటే చక్రం పట్టేసేదే. అది చల్లారే వరకూ రోడ్డు పక్కన నిలబడి, బ్రేకు గురించి ఇంత తేలిగ్గా ఎలా ఉన్నానా అని చాలా బాధపడ్డాను. పెడల్ దించినవారు చక్రాన్ని పైకి లేపి చేత్తో తిప్పి చూడాలి, పెడల్ తొక్కినప్పుడే బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో చూడాలి. పెడల్ దిగితే దాని స్ప్రింగు లాగే స్విచ్ కూడా సర్దాల్సిందే, లేకపోతే లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, వెనుక వచ్చేవారికి మీరు ఆగుతున్నదీ లేనిదీ తెలియదు.

ఇక మలుపుల సంగతి. చెక్కల మీద కూర్చున్నప్పుడు హాయిగా అనిపించిన 40 మిల్లీమీటర్ల రంధ్రంతోనే నేను మొదలుపెట్టాను. నేను బండి మీద కూర్చున్నప్పుడు పాత ఫుట్‌రెస్ట్ చివర నేలకు 310 మిల్లీమీటర్ల ఎత్తులో, బండి మధ్యరేఖకు 340 మిల్లీమీటర్ల దూరంలో ఉండేది. టైరు వెడల్పును, సస్పెన్షన్ కుంగడాన్ని పక్కన పెట్టి లెక్క వేస్తే, బండిని దాదాపు 42 డిగ్రీలు వంచితే గానీ అది నేలను తాకదు. 30 మిల్లీమీటర్లు దించితే ఆ కోణం 39.5కు, 40 దించితే 38.5కు తగ్గుతుంది. నేను అంతగా వంచే మనిషిని కాను కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాను. రెండు వారాల తరువాత, పల్లంలోకి దిగుతూ కుడికి తిరిగే ఒక మలుపులో, మధ్యలో రోడ్డు గుంటగా కుంగిన చోట, సస్పెన్షన్ అణగిన క్షణాన కుడి ఫుట్‌రెస్ట్ చివర కింద ఉన్న బోల్టు గరగరమని రోడ్డును గీసింది, ఫుట్‌రెస్ట్ మడత పడి నా బూటును పైకి తోసింది. పడలేదు. కానీ లెక్కలో పక్కన పెట్టిన సస్పెన్షనే ఆ రోజు మిగతా కోణాన్ని మింగేసింది. ఆ బోల్టు తల ఒక వైపు అరిగి అద్దంలా మెరుస్తూ ఉంది. మర్నాడే 30 రంధ్రానికి మార్చాను, ఆ తరువాత ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా తాకలేదు. వేగంగా మలుపులు తిరగడమే ఇష్టమైనవారు, బరువైన సామానుతో లేదా వెనుక మనిషితో తరచు వెళ్లేవారు మొదట వెనుక సస్పెన్షన్ స్ప్రింగు బిగువు సరిచూసుకోవాలి, అప్పటికీ అనుమానం ఉంటే దించకపోవడమే మంచిది.

మిగతావి చిన్న ఇబ్బందులు. బండి ఆపి కాలు దించేటప్పుడు ఫుట్‌రెస్ట్ పిక్కకు తగలడం మొదటి నెలంతా ఉంది, తరువాత కాలే అలవాటు పడి ముందుకు దిగుతోంది. సైడ్ స్టాండ్ కొక్కేనికి మడమ అందే సందు తగ్గింది. గతుకుల్లో లేచి నిలబడితే మాత్రం మునుపటి కంటే సుఖం, నాలాంటి పొడుగువాడు హ్యాండిల్ కోసం అంతగా వంగనక్కరలేదు. అందరికీ ఇది నప్పదు: నాకంటే పదిహేను సెంటీమీటర్లు పొట్టివాడైన మా తమ్ముడు ఒక రోజంతా నడిపి, పాదాలు వేలాడుతున్నట్టుందని, ట్యాంకును మోకాళ్లతో పట్టుకోవడం కుదరడం లేదని అన్నాడు.

మొదటి 300 కిలోమీటర్లకే ఎడమ వైపు బోల్టు ఒకటి కాస్త వదులైంది. అప్పుడు నాలుగు బోల్టులకూ మర వదులవకుండా పట్టే జిగురు రాసి, కంపెనీ చెప్పినంత బలంతోనే బిగించి, ప్రతి బోల్టు తల మీద నుంచి దిమ్మ మీదికి తెల్లరంగుతో ఒక గీత గీశాను. గీత విరిగి కనిపిస్తే బోల్టు తిరిగిందన్నమాట. ప్రతి 2,000 కిలోమీటర్లకు గొలుసుకు నూనె వేసే రోజునే ఆ గీతలూ చూస్తాను. ఇప్పటి వరకూ నాలుగు గీతలూ విరగలేదు. కుడి వైపు పిన్నులో మాత్రం కొద్దిగా ఆట కనిపిస్తోంది, వచ్చే సర్వీసులో ఆ పిన్ను మారుస్తున్నాను.