ఎకరం కయ్యా, హాస్టల్ సీటా: కూలి ఇంటికి ఏది మేలు?

మా నెల్లూరు జిల్లా కోవూరు, విడవలూరు వైపు కూలి ఇల్లు బాగుపడాలంటే రెండే దారులు చెబుతారు. కాస్త భూమి, అంటే మా మాటలో కయ్య, లేదంటే చదువు. నేను చదువు దారిలో వచ్చినదాన్ని. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుని టీచరునయ్యాను. అయినా చదువే మేలని గట్టిగా చెప్పలేను.

మా పెదనాయనకు డీకేటీ పట్టా కింద, అంటే ప్రభుత్వం పేదలకిచ్చే అసైన్డ్ భూమిగా, ముప్పాతిక ఎకరం వచ్చింది. కాలవ చివర నేల, పై కయ్యలన్నీ తడిశాకే నీళ్లు. అయినా ఆ ఏడాది నుంచి మా పెద్దమ్మ, కూలి రేటు గిట్టకపోతే "నేను రాను" అనగలిగింది. ఇంట్లో నాలుగు బస్తాల వడ్లున్న మనిషి మాట తీరే వేరు. మా అమ్మ ఆ మాట ఎన్నడూ అనలేదు. నాట్లకు ముందే బయానా తీసుకుని ఉండేది కాబట్టి, ఎంతిస్తే అంతకే వంగేది. ఇద్దరూ ఒకే వీధి, ఒకే కులం, ఒకే పని.

కానీ జబ్బు చేస్తే మొదట చేయి జారేది ఆ నేలే. అసైన్డ్ భూమి అమ్మకూడదు, కొనకూడదు అని 1977 చట్టం. పెదనాయన అమ్మలేదు, ఆసుపత్రి అప్పు కింద కౌలుకిచ్చాడు. ఇప్పుడది రొయ్యల గుంట. ఆయన కొడుకే దానికి రాత్రి కాపలా. పట్టా మాత్రం పెట్టెలో భద్రంగా ఉంది. 20 ఏళ్లు దాటిన పట్టాదారులు అమ్ముకోవచ్చని 2023లో చట్టం సవరించినప్పుడు చాలామంది సంతోషించారు. నాకు భయమేసింది.

ఇక చదువు. హాస్టల్ నాకు చేసిన పెద్ద మేలు పాఠాలు కాదు. నాట్ల రోజుల్లో బడి మానకుండా ఉండటం, వేళకు అన్నం. తెలివిలో నాకంటే మెరుగైన మా తమ్ముడు ఇంట్లో ఉండి చదివాడు, తొమ్మిదిలో ఆగిపోయాడు. పైగా పెద్దిళ్లలో పిల్లలకు మాటతీరు, పరిచయాలు, ఏ కోర్సు ఎటు తీసుకెళ్తుందో తెలియడం పుట్టుకతోనే అందుతాయి. బూర్దియా అనే ఫ్రెంచి సామాజికవేత్త దీన్ని కూడా ఆస్తిగానే లెక్కగట్టాడు. ఇంటర్ తర్వాత ఏం చదవాలో మా వీధిలో చెప్పే మనిషే లేడు. ఇప్పుడు నా జీతంతో నెల్లూరులో కొన్ని అంకణాల స్థలం కొన్నాను. మా వీధి ఎక్కడుందో అక్కడే ఉంది.

పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు లెక్క మారుతుంది. కనిగిరి వైపు వానను నమ్ముకున్న నేల, ఫ్లోరైడ్ నీళ్లు. పట్టా ఉన్నవాళ్లు కూడా హైదరాబాద్ బేల్దారి పనులకు పోతున్నారు. అక్కడ హాస్టల్ సీటే మేలు, సందేహం లేదు.

కులం మాత్రం ఈ రెండింటితోనూ దిగిపోదు. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగువుకు ఆరుగురు దళితులను చంపారు, మిగిలినవాళ్లు ఊరొదిలి చీరాల చేరారు. వర్గం వేరు, సమాజం ఇచ్చే హోదా వేరు అని మాక్స్ వెబర్ విడదీసి చూడమన్నది ఇలాంటి చోట అర్థమవుతుంది.

అందుకే నాకు మా జిల్లాలోని దూబగుంట అనే ఊరు గుర్తొస్తుంది. 1992లో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన కూలి ఆడవాళ్లు అక్కడ సారా అమ్మకం ఆపించారు. ఆ తరగతి వాళ్లకు ఉద్యోగాలివ్వలేదు, ఎకరాలివ్వలేదు. కలిసి అడగడం నేర్పింది. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఆ ఊపులోనే పుట్టాయి.

కాలవ నీళ్లు అందే మా వైపు అయితే నేను భూమినే ఎంచుకుంటాను. కానీ పట్టా ఆడమనిషి పేరున ఉండాలి, కష్టం వస్తే తాకట్టుకు పోకుండా వెనక సంఘం ఉండాలి. తమ్ముడి కూతురు ఈ ఏడే హాస్టల్లో చేరింది. గుంట కౌలు గడువు వచ్చే వేసవికి తీరుతుంది. ఆ అప్పు కట్టి నేల విడిపించుకోవడానికి పెద్దమ్మ సంఘంలో లోన్ అడిగింది, మిగతాది నేను వేస్తానన్నాను.