రౌటర్‌కు మినీ యూపీఎస్: రెండు వేసవులు వాడాక

హైదరాబాద్ బోడుప్పల్‌లో మా ఇంట్లో కరెంటు పోయినా వైఫై ఆగదు. రౌటర్ పక్కనున్న చిన్న నల్ల డబ్బా, అంటే కరెంటు పోతే బ్యాటరీతో రౌటర్‌ను నడిపే 12 వోల్టుల మినీ యూపీఎస్, దాని పుణ్యమే. పదిహేను వందల లోపే వచ్చింది. కొనదగ్గ వస్తువే, కానీ అందరికీ కాదు.

అడాప్టర్‌కీ రౌటర్‌కీ మధ్య దీన్ని తగిలిస్తే చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉండగా ఇదెందుకు అంటారేమో. మా ఇన్వర్టర్ బ్యాటరీకి మారే రెప్పపాటులో రౌటర్ రీస్టార్ట్ అయ్యేది, మళ్లీ నెట్ వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు. ఆఫీసు మీటింగ్‌లో ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ తెలుసు. ఇప్పుడు ఆ బాధ లేదు.

డబ్బా మీద బ్యాటరీ సామర్థ్యం చెప్పే ఎంఏహెచ్ అంకె చూసి మురిసిపోకండి. మాదాని మీద 8000 అని ఉంది. అది లోపలున్న నాలుగు 3.7 వోల్టుల సెల్స్‌ను కలిపి చెప్పిన లెక్క, అంటే 30 వాట్ అవర్లు కూడా లేవు. 12 వోల్టులకు పెంచడంలో ఇంకొంత పోతుంది. మా ఫైబర్ మోడెమ్ తొమ్మిది పది వాట్లు లాగుతుంది. కొత్తలో రెండున్నర గంటలు వచ్చింది, ఇప్పుడు గంటన్నర దాటితే గొప్పే. వేడి లిథియం సెల్స్‌ను తినేస్తుంది, అటక మీద పెట్టకండి.

అసలు సంగతి ఇంటి బయట ఉంది. మొదట మాది లోకల్ కేబుల్ కనెక్షన్. కరెంటు పోతే రౌటర్ లైట్లన్నీ వెలిగేవి, నెట్ మాత్రం ఉండేది కాదు. "మీ రౌటర్ మంచిగనే ఉందన్నా, టెర్రస్ మీది మా స్విచ్‌కే కరెంట్ లేదు" అన్నాడు లైన్ చూసే అబ్బాయి. స్విచ్ అంటే నెట్‌ను ఇళ్లకు పంచే పెట్టె. దాని దాకా ఫైబర్, అక్కణ్నుంచి ఇళ్లకు లాన్ వైరు. తర్వాత ఫైబర్ నేరుగా ఇంట్లోకొచ్చే కనెక్షన్‌కు మారాం. ఇందులో దారిలో ఉండే స్ప్లిటర్లకు కరెంటే అక్కర్లేదు, వచ్చిన కాంతిని పంచడమే వాటి పని. అవతల కంపెనీ సెంటర్‌లో బ్యాకప్ ఉంటే చాలు. మినీ యూపీఎస్ విలువ అప్పుడు తెలిసింది.

మొబైల్ డేటా ఉందిగా అనొచ్చు. టవర్లకు బ్యాటరీలుంటాయి, చాలాచోట్ల డీజిల్ జనరేటర్ కూడా. కానీ మే నెల గాలివానకు కాలనీ అంతా చీకటైతే అందరూ ఒక్కసారే ఫోన్ డేటా మీద పడతారు. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, పేజీ తెరుచుకోదు. అప్పుడు టవర్‌తో పనిలేకుండా ఇంటి వైఫై మీదే ఫోన్ మాట్లాడే వైఫై కాలింగే మాకు దిక్కు.

పాత ల్యాండ్‌లైన్ కరెంటు లేకున్నా మోగేదని మా అత్తయ్య ఇప్పటికీ అంటారు. నిజమే, రాగి తీగలోనే ఎక్స్ఛేంజ్ నుంచి 48 వోల్టులు వచ్చేవి. ఫైబర్ అంటే గాజు తీగ, అందులో కరెంటు రాదు కాబట్టి ఆవిడ ల్యాండ్‌లైన్ కూడా ఇప్పుడు ఈ డబ్బా మీదే ఆధారపడింది.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి జనం చనిపోయిన ప్రమాదం తర్వాత స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు కథ తిరగబడింది: కరెంటు నిక్షేపంగా ఉంది, నెట్ లేదు. దానికి ఏ యూపీఎస్సూ పనికిరాదు.

కొనేముందు మీ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. కొన్ని రౌటర్లు 9 వోల్టులవి. 2 ఆంపియర్ల రౌటర్‌కు 1 ఆంపియర్ యూపీఎస్ పెడితే లోడు పెరిగినప్పుడల్లా ఆగిపోతుంది. టెర్రస్ స్విచ్ నుంచి లాన్ వైరు వచ్చే ఇల్లయితే, ముందు ఆ స్విచ్‌కు బ్యాకప్ పెట్టమని ఆపరేటర్‌ను పట్టుకోండి.