హాలు కింద పాత డ్రైనేజీ పైపు: ఇప్పుడే తవ్వించాలా, ఇంకొన్నాళ్లు ఆగొచ్చా?

ఒంగోల్లో మా ఇల్లు 1984 నాటిది. బాత్‌రూములు వెనక, సెప్టిక్ ట్యాంకు ముందు. మధ్యలో 40 అడుగుల లైను వంటింటి కిందుగా, హాలు కిందుగా పోతుంది. అన్నీ గోధుమరంగు స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపులే. ఒక్కోటి 2 అడుగులు. అంటే మేం వండుకునే చోట, కూర్చుని టీవీ చూసే చోట కలిపి ఇరవై దాకా సిమెంటు అతుకులున్నాయన్నమాట.

ఈ పైపులు అంత తేలిగ్గా అరగవు. వదిలేది అతుకులే. మా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి కుంచించుకుపోతుంది. ఏటా జరిగే ఈ కదలికకు బిర్రుగా ఉన్న సిమెంటు అతుకు ఎన్నాళ్లని తట్టుకుంటుంది? పెన్న ఒడ్డున ఇసుక నేలల్లో ఇబ్బంది వేరే. అతుకు వదిలితే ఇసుక మెల్లగా పైపులోకి జారిపోయి, గచ్చు కింద గుల్ల పడుతుంది.

ముందు ఆగడం గురించి. ఏడాదికోసారి జామ్ అయి, బద్ద పెట్టి తోయగానే పోతుంటే గచ్చు పగలగొట్టక్కర్లేదు. అది నూనె జిడ్డు పని. మేమూ మూడేళ్లు అలాగే నెట్టుకొచ్చాం, అందులో తప్పేమీ లేదు.

ఒకరోజు ఇంటి ముందున్న ఛాంబరు (లైను చూసుకోడానికి కట్టిన తొట్టి) మూత తీస్తే అడుగున పిడికెడు నల్లమట్టి ముద్ద కనిపించింది. బాత్‌రూములో ఎవరూ మట్టి పోయరు కదా! ఛాంబరు నుంచి ట్యాంకులోకి పోయే దారికి గోనెసంచి కుక్కి, లైను నిండా నీళ్లు పోసి, వెనక ఛాంబరు గోడ మీద సుద్దతో గీత గీశాం. గంటలో నీళ్లు నాలుగు వేళ్లు దిగాయి. పైగా లైనుకు 6 అడుగుల దూరంలో మంచినీళ్ల సంపు. మా ఊళ్లో కొళాయి నీళ్లు రోజూ రావు, అందరం సంపు మీదే బతుకుతాం. ఆ రోజు నుంచి తాగడానికి క్యాన్లే. ఇక ఆగడమన్న మాట అక్కడితో సరి.

మేస్త్రీ వచ్చి హాల్లో కుంగిన టైలు చూసి, “ఒక్క అతుకే సార్, పొద్దున పగలగొట్టి సాయంత్రానికి పూడ్చేస్తా” అన్నాడు. వేపచెట్టు వేరు దూరి ఒక్కచోటే పగిలితే ఆ మాట వినొచ్చు. మా నేల సంగతికి మాత్రం పనికిరాదు. మిగతా అతుకులదీ అదే వయసు, అవీ అదే మట్టిలో ఉన్నాయి.

పాత దారిలోనే మొత్తం కొత్త పైపు వేయడం మూడో దారి. వంటిల్లు వారం పోతుంది, ఆ టైళ్లు ఇప్పుడు దొరకవు. వద్దనుకున్నాం.

మేం చేసింది నాలుగోది: పాత లైను వదిలేసి, పక్క సందులోంచి పీవీసీ లైను. తిరుగుళ్లతో కలిపి 55 అడుగులు. 4 అంగుళాల పైపుకు 40 అడుగులకు అడుగు వాటం (పల్లం) కావాలి, అంటే మాకు 16 అంగుళాలకు పైనే. ట్యాంకులోకి పైపు దిగే ఎత్తు ముందే కొలవండి. అక్కడ వాటం చాలకపోతే ఈ దారి కుదరదు. కొట్లో టైప్ బి అనే అడగండి, టైప్ ఎ వాననీళ్లకూ గాలి గొట్టానికీ చేసింది. రబ్బరు రింగు అతుకులైతే నేల కాస్త కదిలినా ఓర్చుకుంటాయి. పైపు కిందా చుట్టూ ఇసుక పోయించాం. తిరుగుడు దగ్గరల్లా ఛాంబరు కట్టించాం. పాత లైను రెండు మూతులూ కాంక్రీటుతో మూయించాం, లేకపోతే అది ఎలుకలకు రహదారే.

ఎప్పుడంటే, మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తవ్వితే ఆ కాలువ చెరువే. రోహిణి కార్తెలో గడ్డపార దిగదు. నన్నడిగితే సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరి, మార్చి. మట్టిలో కాస్త చెమ్మ ఉంటుంది, గోడలు జారవు.

మార్చిలో ఐదు రోజుల్లో పని అయింది. సంపు తోడించి, కడిగించి, బ్లీచింగ్ వేయించి మళ్లీ నింపాం. హాల్లో ఆ టైలు మాత్రం కొడితే ఇంకా డొల్లగానే మోగుతుంది. దసరా లోపు అక్కడ తీయించి, గట్టిగా దిమ్మెస కొట్టించాలి.